ఊపిరి శబ్దం విని కంప్యూటర్ జబ్బు చెప్పగలదా?

తాడిపత్రిలో బండల పాలిష్ పని చేసే మీ నాన్నగారికి దగ్గు తగ్గడం లేదని, డిజిటల్ స్టెతస్కోపు పెడితే కంప్యూటరే జబ్బు చెప్పేస్తుందా అని అడిగారు. అది శబ్దాన్ని గుర్తుపడుతుంది. జబ్బు తేల్చాల్సింది డాక్టరే.

ఛాతీ మీద రికార్డు చేసిన శబ్దాన్ని కంప్యూటర్ చిన్న ముక్కలుగా విడదీసి, ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో బొమ్మగా మారుస్తుంది. ఆస్తమా పిల్లికూత అందులో పొడవాటి గీతలా కనిపిస్తుంది, దాదాపు 100 మిల్లీసెకన్లకు పైనే ఉంటుంది. న్యుమోనియాలో, ఊపిరితిత్తులు గట్టిపడినప్పుడు వచ్చే చిటపటలు 20 మిల్లీసెకన్లు కూడా ఉండవు, పోపులో ఆవాలు చిట్లినట్టు. వాటిని చెవితో లెక్కపెట్టడం కష్టం, కంప్యూటర్‌కు తేలిక.

అయితే కంప్యూటర్‌కు ఈ శబ్దాలు నేర్పడానికి పరిశోధకులు ఎక్కువగా వాడే 2017 నాటి రికార్డుల్లో ఉన్నది 126 మందే. అవి పోర్చుగల్, గ్రీస్‌లలో సేకరించినవి. ఫ్యాను హోరు, చొక్కా రాపిడి కూడా లెక్క తప్పిస్తాయి.

నా టెన్షన్ వేరే. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ మొదట్లో ఏ శబ్దమూ చేయకపోవచ్చు. పైగా ఆ దుమ్ము టీబీ ముప్పునూ పెంచుతుంది. కాబట్టి శబ్దం బాగుందని ఊరుకోకండి. అనంతపురంలో ఛాతీ డాక్టరుకు చూపించి ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించండి. ఎన్నేళ్లుగా ఆ పని చేస్తున్నారో తప్పకుండా చెప్పండి.