ఇద్దరు తిరిగిన ఊరు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు, గొప్పలకు పోలేదు. ఆ ఊళ్లో నేనూ కొన్నాళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి నువ్వు చెప్పిన వీధులన్నీ కళ్లముందు కదిలాయి. నవంబర్ నెల, అక్కడ వసంతం, రోడ్ల పొడవునా జకరండా చెట్లు ఊదారంగు పూలు రాల్చుకుంటూ నిలబడటం చక్కగా పట్టుకున్నావు. ఆ పేరా ముట్టుకోకు.

నా అభ్యంతరం వేరు. ఆ ఆదివారం పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరిద్దరూ తిరిగారు. వ్యాసంలో మాత్రం ఒక్కడే తిరిగాడు. మేము చూశాం, మేము తిన్నాం, మేము ఫోటోలు దిగాం అన్నావు గానీ అందులో నీతో తిరిగిన అమ్మాయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు చోట్ల దొరికింది. మూడూ నువ్వు ఒక్కో వాక్యంలో దాటేసినవే.

శాన్ టెల్మో పేట సంతలో కాళ్లు నొప్పిపుట్టి తను అక్కడి ప్లాజా దొరెగో చౌకులో కూర్చుండిపోయిందన్నావు. ఆ తర్వాత పేజీన్నర పాత సోడా సీసాల గురించీ గ్రామఫోన్ల గురించీ రాశావు. ఎండలో నీలంగా, ఆకుపచ్చగా మెరిసే ఆ గాజు నాకూ ఇష్టమే. కానీ ఆదివారం ఆ సంతకు వెళ్లిన ప్రతివాళ్లకూ అవి కనిపిస్తాయి. అరగంట ఒకేచోట కూర్చున్న మనిషికి కనిపించేది వేరు. అక్కడ టాంగో ఆడే జంట పాట అయిపోయాక ఏం చేశారు? ఆవిడ చెప్పులు విప్పి మడమ నొక్కుకుందా? టోపీ పట్టుకుని జనంలోకి వచ్చింది ఆవిడా, ఆయనా? మళ్లీ పాట మొదలవగానే ఇద్దరి ముఖాలూ ఎలా మారాయి? ఇవి నీకు తెలియవు, తనకు తెలిసి ఉంటాయి. వెళ్లి అడుగు. తను ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాయి, నీ శైలిలోకి దిద్దకు.

రెండోది రాత్రి భోజనం. గొడ్డుమాంసం ఊళ్లో శాకాహారులకు కష్టమేనని అందరూ రాసే మాటే నువ్వూ రాశావు. దాని పక్కనే, కొరియెంతెస్ అవెన్యూ పిజ్జా కొట్లో అమ్మాయి ఓ ముక్క కొరికి "ఇది శనగపిండే!" అందని చెప్పి ముందుకెళ్లిపోయావు. నేను నిటారుగా కూర్చుని చదివింది అక్కడే. దాన్ని ఫైనా అంటారు. శనగపిండిలో నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పళ్లెంలో పలచగా పోసి ఓవెన్లో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, లోపల మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి చల్లి, పిజ్జా ముక్క మీద పెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడే తింటారు. ఇది ఇటలీలోని జెనోవా నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన వంట. లా బోకా రేవు పక్కన చెక్కలతో, రేకులతో ఇళ్లు కట్టుకుని, ఓడలకు వేయగా మిగిలిన రంగులు పూసుకున్నదీ వాళ్లే. పొద్దున అక్కడి కమినితో సందులో నువ్వు ఫోటో తీసుకున్న గోడలూ, రాత్రి తన నోట్లో కరిగిన ముక్కా ఒకే ఊరి నుంచి ఓడెక్కి వచ్చాయి. నీ వ్యాసంలో వాటి మధ్య ఎనిమిది పేజీల దూరం ఉంది. వాటిని కలిపింది తన నాలుక. ఆ మాటను పట్టుకుని రాస్తే శాకాహారుల కష్టం గురించిన వాక్యం నీకు అక్కర్లేదు.

ఇక చరిత్ర సంగతి. 1536లో ఊరు కట్టారు, అది నిలవలేదు, 1580లో మళ్లీ కట్టారు అంటూ మొదటి పేజీ నింపేశావు. తప్పేం లేదు గానీ అప్పటికి చదివేవాడికి ఆ ఊరితో పనేమీ పడలేదు. ఎక్కడ ప్రశ్న పుడుతుందో అక్కడ జవాబు పెట్టు. శాన్ టెల్మోలో అంతంత పెద్ద ఇళ్లు, మన మండువా లోగిళ్లలా నడుమ ఆకాశం కనిపించే వాకిళ్లు, ఎందుకలా పెచ్చులూడి పాతసామాన్ల కొట్లయ్యాయి? అక్కడ చెప్పు. 1871లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వచ్చి ఆ ఊళ్లో దాదాపు 14 వేలమంది పోయారు. కలిగినవాళ్లు ఇళ్లు వదిలి ఉత్తరానికి వెళ్లారు. ఖాళీ అయిన లోగిళ్లను గదులుగా విడగొట్టి వలసవచ్చినవాళ్లకు అద్దెకిచ్చారు. గదికో సంసారం. మధ్యాహ్నం మీరు బస్సెక్కి రెకొలేటా పేటకు వెళ్లారు చూడు, ఆ కలిగినవాళ్లు తరలిపోయింది ఆ వైపే. మీరు తిరిగిన దారిలోనే ఊరి కథ ఉంది. మొదటి పేజీ కొట్టేసినా ఏమీ పోదు.

ఓ చోట మాత్రం గట్టిగా చెప్పాలి. ప్లాజా దె మాయోలో తెల్ల రుమాళ్లు కట్టుకున్న తల్లులు నడుస్తుండగా చూశామన్నావు. వాళ్లు నడిచేది గురువారం మధ్యాహ్నం. మీరు శాన్ టెల్మో సంత చూసింది ఆదివారం. రెండు రోజుల్ని ఒక రోజుగా కుట్టావన్నమాట. ఇంకేదైనా అయితే చూసీచూడనట్టు పోయేవాణ్ణి, ఆ తల్లుల విషయంలో వద్దు. 1977 ఏప్రిల్ 30న 14 మంది ఆడవాళ్లు మాయమైపోయిన తమ బిడ్డలు ఏరని అడగడానికి సైనిక ప్రభుత్వం ఎదుట ఆ చౌకులో నిలబడ్డారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు అదిలిస్తే, ఇద్దరిద్దరుగా చేతులు కలుపుకుని చౌకు నడుమ ఉన్న స్తూపం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తర్వాత గుర్తుకోసం తలకు కట్టుకున్నవి బిడ్డల పొత్తిగుడ్డలు. ఆదివారం నాడు మీకు కనిపించేది స్తూపం చుట్టూ నేలమీద తెల్లరంగుతో వేసిన ఆ రుమాళ్లే. వాటిని తొక్కకుండా నడిచారా? అమ్మాయి ఆగిందా? అది రాయి. తల్లులు లేని చౌకు రాస్తే చాలు.

మూడో చోటు రెకొలేటా శ్మశానం. ఒకప్పటి అధ్యక్షుడు పెరోన్ భార్య ఎవిటా సమాధి ముందు జనం, పుట్టింటి దువార్తే పేరుతో ఉన్న నల్లరాతి గది, తలుపు చువ్వల్లో గుచ్చిన పూలు బాగా చూశావు. 1952లో పోయిన మనిషి ఆ గదికి చేరింది 1976లో. మధ్యలో ఆ శవాన్ని దాచడం, మారుపేరుతో ఇటలీలో పూడ్చడం, స్పెయిన్‌కు తేవడం అంతా జరిగింది. దీనికి నాలుగు వాక్యాలు చాలు, రెండు పేజీలొద్దు. నాకు కావాల్సింది పక్క సందులో జరిగిన సంగతి. అద్దాల తలుపుల్లోంచి లోపలి శవపేటికలూ వాటిమీది లేసు గుడ్డలూ కనిపిస్తుంటే నువ్వు ఫోటోలు తీశావు, తను మాట్లాడకుండా గేటు వైపు వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిపోయిందో వ్యాసంలో లేదు. బహుశా నువ్వు అడగలేదు. ఇప్పుడైనా అడుగు. వచ్చే జవాబు నీకు నచ్చకపోయినా పెట్టు.

ఠాగూర్ పేరా తీసెయ్. 1924లో ఆయన జబ్బుపడి అక్కడి రచయిత్రి విక్తోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఊరి శివారు శాన్ ఇసిద్రోలో రెండు నెలల పాటు ఉన్న మాట నిజమే, మనకు మనసు లాగుతుంది కూడా. కానీ ఆ రోజు మీరు శాన్ ఇసిద్రో వెళ్లలేదు. వెళ్లినప్పుడు దాన్ని వేరే రాసుకో. నాటకశాలలో పెట్టిన పుస్తకాల షాపుకు ఓ పేరా ఇచ్చావు, స్టేజీ మీద కాఫీ తాగిన వాక్యాలుంచి మిగతావి తగ్గించు.

పత్రికకు ఇప్పుడే పంపకు. తిరగరాశాక ముందు అమ్మాయి చేత చదివించు. అలా జరగలేదు అని తనన్న చోట, నీ మాట కొట్టేయకుండా తన మాట కూడా పక్కన ఉంచి అప్పుడు నాకు పంపు. సంక్రాంతి లోపు వచ్చినా చాలు.

మీ ఇద్దరికీ ఆశీస్సులతో.