బుష్ మార్చినా చప్పుడు పోలేదు

ప్రశ్న: నాది పాత స్విఫ్ట్. గతుకుల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటుంటే, సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే లోయర్ ఆరమ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) విప్పాను. ఆటోనగర్‌లో ప్రెస్ మిషన్ మీద దానికి కొత్త రబ్బరు బుష్‌లు ఎక్కించుకొచ్చి, బండి జాకీ మీద ఉండగానే అన్నీ గట్టిగా బిగించి దించాను. లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీని కలిపే చిన్న రాడ్) నట్టుతోనే ఒక పూటంతా పోయింది. రెండు నెలలకే మళ్లీ అదే చప్పుడు. చూస్తే ముందు బుష్ రబ్బరు చిరిగింది. షాపాయన మాల్ మంచిదే, బిగింపులోనే తేడా అంటున్నారు. షాకబ్జర్లు కూడా ఇంట్లోనే మార్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సెల్లార్‌లో వెల్లకిలా పడుకుని ఆరమ్ విప్పారంటే మీకు చాలా ఓపిక ఉందండీ. అంత కష్టం రెండు నెలలకే వృథా అయిందంటే నాకూ బాధగా ఉంది.

షాపాయన మాటలో నిజముంది. బుష్ మధ్యలో ఇనప గొట్టం ఉంటుంది, రబ్బరు దానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు. ఆరమ్ ఊగినప్పుడల్లా మెలితిరిగేది రబ్బరే. చక్రం వేలాడుతుండగా బిగించేస్తే, బండి దించగానే ఆరమ్ పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది. బండి ఆగి ఉన్నా ఆ మెలిక పోదు. దానికి మన రోడ్ల గోతులు తోడైతే ఎంత మంచి బుష్ అయినా తెగుతుంది.

ఈసారి బోల్టును ముందు చేత్తో పట్టేంత వరకే తిప్పండి. బాడీ కింద స్టాండ్ ఉంచి, ఆరమ్ చివర చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ దగ్గర మరో జాకీ పెట్టి లేపండి. బాడీ స్టాండ్ మీద నుంచి లేవబోతుందనగా ఆపి, అప్పుడు బిగించండి. స్టాండ్ అంటే స్టాండే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి బండి కిందికి దూరకండి, అవి ఉన్నట్టుండి పగులుతాయి.

లింక్ రాడ్ నట్టుతో అందరికీ అదే గోల. నట్టుతో పాటు లోపలి స్టడ్డూ తిరుగుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి, స్టడ్డు చివర గాడి ఉంటే అందులో ఎలెన్ కీ పెట్టి పట్టుకుని నట్టు తిప్పాలి. గాడి అరిగిపోయి, రాడ్ ఎలాగూ మార్చేదే అయితే గ్రైండర్‌తో కోసేయండి. దానితో కుస్తీ పడొద్దు.

షాకబ్జర్ల సంగతికొస్తే, మొత్తం స్ట్రట్టును, అంటే షాకబ్జర్, స్ప్రింగ్ కలిసి ఉన్న భాగాన్ని, బండి నుంచి దించడం వరకు మీరు చేసుకోవచ్చు. పైన మధ్యలో ఉండే నట్టు మాత్రం ముట్టుకోకండి. దాని కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా విప్పితే ఎగిరొచ్చి ప్రాణం తీస్తుంది. దించినదాన్ని ఆటోనగర్‌కే తీసుకెళ్లి స్ప్రింగును కొత్త షాకబ్జర్‌కు మార్పించుకోండి. షాకబ్జర్లు రెండు పక్కలా ఒకేసారి వేయించండి. అన్నీ బిగించాక వీల్ ఎలైన్‌మెంట్ చేయించకుండా హైవే ఎక్కొద్దు, టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.