దేవుడే పాలిస్తున్నాడని నమ్మితే ఇక ఓటు ఎందుకు?

అంతా దేవుడి చేతిలో ఉందనే మీ క్రైస్తవులకు ఎన్నికలప్పుడు టెన్షన్ ఎందుకని కొందరు అడిగారు. రాజులను నిలబెట్టేదీ దించేదీ దేవుడేనని బైబిల్లో దానియేలు ప్రవక్త చెప్పింది బబులోనులో బందీగా ఉండి, ఆ రాజు కొలువులో పని చేస్తూనే. ప్రార్థన మానమన్నప్పుడు మాత్రం మానలేదు. మేమూ ఓటు వేస్తాం, తప్పుంటే నిలదీస్తాం, ఫలితం ఆయనకు వదిలేస్తాం. మా ఒంగోలు సంఘంలో ఎవరు గెలిచినా, మేం ఓటు వేయనివాళ్లు గెలిచినా, ఆదివారం వాళ్ల కోసం ప్రార్థిస్తాం, అది బైబిల్లో అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మాటే.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అప్పటికి మనకు ఈ రాజ్యాంగం లేదు. ఇప్పుడు 25వ అధికరణ నచ్చిన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు (శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి) అందరికీ ఇస్తోంది, అందుకే మా స్తుతి ప్రార్థనలో రాజ్యాంగం పేరు కూడా వస్తుంది.