పార్లమెంటు తరహా బందోబస్తు మన కలెక్టరేట్లకు నడుస్తుందా?

పార్లమెంటు దగ్గర గొడవ అయిన ప్రతిసారీ అక్కడి గేట్లు, రోడ్లు కట్టుదిట్టం చేస్తారు కదా, మన నల్లగొండ, పాలమూరు కలెక్టరేట్ల గేట్లు తోసుకుని జనం లోపలికొచ్చాక మనమూ గోడ లేపి పైన ముళ్లకంచె చుడితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. బందోబస్తు పని తెలిసినవాళ్లెవరూ గోడతో మొదలుపెట్టరు.

పార్లమెంటు సంగతే చూడండి. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరింది సందర్శకుల గ్యాలరీ నుంచి. 2001 డిసెంబర్ 13న ఉగ్రవాదులు హోంశాఖ స్టిక్కరు అంటించిన తెల్ల అంబాసిడర్‌లో గేటు దాటారు. 2023లో అదే తేదీన ఇద్దరు పాసులు పట్టుకునే గ్యాలరీకి వెళ్లి, బూట్లలో దాచిన పొగ డబ్బాలతో లోక్‌సభలోకి దూకారు. అందరూ దర్జాగా దారిన వచ్చినవాళ్లే. 2025 ఆగస్టులో ఒకతను గోడ దూకి గరుడ ద్వారం దాకా పోయిన మాట నిజం. అతనికి ఆసరా అయింది గోడ పక్కన చెట్టు. కొమ్మలు కొట్టించే కూలీ ఎంత, గోడ మొత్తం రెండడుగులు లేపే ఖర్చెంత, మీరే లెక్కేసుకోండి.

2023 తర్వాత అక్కడ అసలు మార్పు తనిఖీలో వచ్చింది. 2024 మే 20 నుంచి సీఆర్‌పీఎఫ్ జాగాలో 3,300 మందికి పైగా సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది దిగారు. విమానాశ్రయాల్లో సంచులు, బూట్లు చూసి చూసి అలవాటైన బలగం అది. మన దగ్గర ఆ బలగం ఉండదు, ఆ ఖర్చూ అక్కర్లేదు. మన కలెక్టరేట్‌కు వచ్చేది ప్రజావాణికి అర్జీ పట్టుకుని వచ్చే జనం. ఆపడం ఎంత ముఖ్యమో, లోపలికి రానివ్వడమూ అంతే ముఖ్యం.

గొడవ మరునాడు మొదట చేయాల్సింది సఫాయివాళ్లను కాసేపు ఆపడం. ఊడ్చేస్తే ఆనవాళ్లన్నీ పోతాయి. ఏ బారికేడ్ ఎటు పడింది, గేటు గొళ్లెం ఎక్కడ వంగింది, రాళ్లు ఏ వైపు ఎక్కువ పడ్డాయి, చెప్పులు ఎక్కడ కుప్పపడ్డాయి, అన్నీ ఫొటోలు తీయించాలి. చెప్పుల కుప్ప ఉన్నచోట తొక్కిసలాట జరిగిందని అర్థం. ఆ జాగా మీద గుర్తు పెట్టుకోండి, వచ్చేసారి అక్కడ దారి వెడల్పు చేయాలి.

తర్వాత రాళ్ల లెక్క. ఇళ్ల నుంచి రాళ్లు మోసుకొచ్చేవాళ్లు తక్కువ, దొరికినవే విసురుతారు. రోడ్డు పనికి పోసిన 40 ఎంఎం కంకర, డివైడర్ పగిలిన ముక్కలు, ఫ్లెక్సీలకు కట్టిన కర్రలు, పూలకుండీలు. అన్నిటికంటే మోసం చేసేది ఫుట్‌పాత్ మీది ఇంటర్‌లాక్ టైల్స్. అంచున కర్బ్ రాయి గట్టిగా లేకపోతే మొదటి టైల్‌ను స్క్రూడ్రైవర్‌తో లేపొచ్చు, ఆ తర్వాతవి చేత్తోనే ఊడొస్తాయి. మూడు కిలోల రాయి అది. అంచు వెంబడి కాంక్రీట్ పట్టీ పోసి బిగిస్తే ఈ బాధ ఉండదు. గేటుకు రెండువైపులా వంద మీటర్ల లోపల కంకర కుప్ప ఉండొద్దని ఆర్ అండ్ బీ వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక గేటు. లోపలికి తెరుచుకునే గేటైతే జనం ఆనుకుంటేనే సగం పని అయిపోతుంది, బరువంతా ఒక్క గొళ్లెం మీద పడుతుంది. మధ్యలో భూమిలోకి దిగే గడియ ఉండాలి: 25 ఎంఎం కడ్డీ, కాంక్రీట్‌లో అడుగు లోతు గొట్టం. చాలాచోట్ల ఈ గడియ ఉంటుంది, కానీ గొట్టం నిండా మట్టి, గుట్కా ప్యాకెట్లు. కడ్డీ రెండంగుళాలు దిగి ఆగిపోతుంది. వేశామనే అనుకుంటారు, తోపులాటలో ఒక్క ఊపుకు పైకి లేస్తుంది. ప్రజావాణి సోమవారం కాబట్టి ఆదివారం సాయంత్రమే ఆ గొట్టాన్ని పారతో కాదు, సన్నని ఇనుప చువ్వతో గుల్లచేసి, నీళ్లు పోసి చూడాలి. అడుగున చిన్న కంకర పరిస్తే నీళ్లు ఇంకిపోతాయి. పక్కకు జరిగే గేటైతే కింది పట్టాలో రాయి ఇరుక్కుందేమో చూడాలి. అది ఇరికితే గేటు మూసుకోదు, మూసుకోని సంగతి గొడవ మొదలయ్యాకే తెలుస్తుంది.

బారికేడ్లు పేర్చడంలో జరిగే తప్పులు మస్తు. చక్రాలున్న బారికేడ్‌ను అలాగే నిలబెడితే ఇద్దరు తోసేస్తారు. చక్రాలు తాళం వేయాలి, ఒకదాన్నొకటి పైనా కిందా రెండుచోట్లా గొలుసుతో కట్టాలి. తాడు వద్దు, కోస్తారు. స్పాన్సర్ల బోర్డులున్న బారికేడ్లు ముందు వరుసలో పెట్టొద్దు, ఆ రేకు వెనుక ఏం జరుగుతోందో కనపడదు, గాలికి పడిపోతాయి కూడా. రెండు వరుసలు వేస్తే మధ్యలో మూడు మీటర్లు ఖాళీ వదలండి. కిందపడ్డ మనిషిని లాగడానికి, అంబులెన్స్ స్ట్రెచర్ పోవడానికి ఆ జాగానే దిక్కు. ముళ్లకంచె చుట్టలు జనానికి ఎదురుగా ముందు వరుసలో అసలే వద్దు. ముందున్నవాడు ఆగినా వెనుకున్నవాడికి కంచె కనపడదు, తోస్తూనే ఉంటాడు. 2021లో రైతుల ఆందోళనప్పుడు ఢిల్లీ శివారు ఘాజీపూర్ దగ్గర రోడ్డులో పాతిన మేకుల ఫొటోలు బయటికొచ్చాక వాటిని తీసి వేరేచోటికి మార్చాల్సి వచ్చింది. మీరు పెట్టేది ఫొటోలో ఎలా కనపడుతుందో కూడా బందోబస్తులో భాగమే.

వాహనాలకైతే కాంక్రీట్ దిమ్మెలు. మూడు మీటర్ల దిమ్మె సుమారు 1.8 టన్నులు ఉంటుంది, హైడ్రా క్రేన్ లేకుండా కదలదు (ఆక్రమణలు కూల్చే హైడ్రా కాదు లెండి). ఎదురెదురుగా వంకరటింకరగా పెడితే బండి మెల్లగానే రావాలి. మనుషులు నడిచే చోట మాత్రం రెండు దిమ్మెల మధ్య సందు 1.2 మీటర్లకు మించొద్దు, అప్పుడు కారు పట్టదు. 90 సెంటీమీటర్లకు తగ్గొద్దు, చక్రాల కుర్చీ పట్టాలి. నల్లగొండలో ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయినవాళ్లు అర్జీలతో వస్తారు, ఈ కొలత మరిచిపోతే బాధ వాళ్లదే.

దారి లెక్క కాగితం మీద వేసుకోండి. చదునైన బాటలో మీటరు వెడల్పుకు నిమిషానికి 80 మంది దాకా పోగలరు. మూడు మీటర్ల గేటుంటే నిమిషానికి 240. రెండున్నర వేల మంది వస్తే బయటపడడానికి పది నిమిషాలు పైనే. చదరపు మీటరుకు నలుగురు దాటుతున్నారంటే కొత్తవాళ్లను అటు రానివ్వొద్దు, ఆరేడుగురైతే మనిషి తన ఇష్టంతో కదలలేడు. అప్పుడు లాఠీ తీసినా, గ్యాస్ వదిలినా చావులే. అందుకే వెనక్కి పోయే దారి ముందే తెరిచి ఉంచి, మైకులో తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషల్లో చెప్పించాలి.

గేటు తోసుకురావడానికి ఎక్కువసార్లు కారణం అర్జీ తీసుకునే అధికారి రాకపోవడమే. ఎండలో రెండు గంటలు నిలబెట్టి, "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటే ఏ బారికేడ్ ఆగుతుంది? జిల్లా రెవెన్యూ అధికారి (డీఆర్‌ఓ) స్థాయి మనిషి గేటు బయటికి వచ్చి అర్జీ అందుకుని, ఐదుగురు ప్రతినిధులను లోపలికి పిలిస్తే సగం గుంపు చెట్ల కిందికి పోతుంది. నేనైతే గోడ డబ్బులో పదోవంతు పెట్టి గేటు బయట షెడ్డు, తాగునీళ్లు, అర్జీల కౌంటర్ పెట్టిస్తా. 1996లో ఇదే నల్లగొండలో నీళ్ల కోసం జనం లోక్‌సభ ఎన్నికకు నామినేషన్లు వేసి 480 మంది పోటీలో నిలబడ్డారు, ఎన్నికే వాయిదా పడింది. వినేవాళ్లు లేకపోతే ఏదో ఒక దారి వెతుక్కుంటారు.

సీసాల తనిఖీ మాత్రం మొహమాటం లేకుండా చేయాలి. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టాక దీని గురించి చెప్పక్కర్లేదు. మూత తీసి వాసన చూస్తే పెట్రోలు దాగదు. గేటు దగ్గర తడిపిన మందపాటి దుప్పట్లు, మంటలార్పే పౌడర్ సిలిండర్ ఉండాలి. ఆడవాళ్ల సంచులకు ఆడ కానిస్టేబుల్ తప్పనిసరి.

చట్టం సంగతి క్లుప్తంగా. జిల్లాల్లో ఊరేగింపులకు 1861 పోలీస్ యాక్ట్ 30వ సెక్షన్, నిషేధాజ్ఞలకు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 163 (పాత 144వ సెక్షన్). 163 ఉత్తర్వు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప, రెండు నెలలకు మించదు. కారణాలు రాయాలి, ప్రచురించాలి అని సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. పాత ఉత్తర్వులో తేదీ మార్చి మళ్లీ వేస్తే కోర్టులో నిలవదు. నిరసన హక్కు ఉందని, కానీ నడిరోడ్డును నెలల తరబడి ఆక్రమించే హక్కు లేదని ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా మీద సుప్రీంకోర్టు తీర్పు. కాబట్టి వద్దనే ముందు ఫలానా చోట కూర్చోండని జాగా చూపించాలి. 2021లో రైతులకు జంతర్ మంతర్ దగ్గర రోజుకు 200 మంది చొప్పున అనుమతి ఇచ్చింది ఆ పద్ధతిలోనే.

కెమెరాల విషయంలో ఒక్కటే: రికార్డర్ పెట్టె గేటు గదిలో పెట్టొద్దు, గొడవలో మొదట పగిలేది ఆ గదే. గడియారం సరిచూడండి. పది నిమిషాలు తేడా ఉంటే కేసులో అడ్డంపడుతుంది, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

బందోబస్తుకు మనుషులు స్పెషల్ పోలీసు బెటాలియన్ల నుంచి, అంటే అన్నెపర్తి 12వ బెటాలియన్ నుంచో, బీచుపల్లి 10వ బెటాలియన్ నుంచో వస్తారు. ఎనిమిది గంటలు దాటి ఒక్క జాగాలో నిలబెట్టొద్దు. 2024 అక్టోబరులో డ్యూటీల తీరు మీద బెటాలియన్ కానిస్టేబుళ్ల ఇళ్లవాళ్లే రోడ్డెక్కారు, ఊరికే కాదు.

భూమిలోంచి లేచే హైడ్రాలిక్ స్తంభాలు (బొల్లార్డులు), టైర్లు చీల్చే ముళ్లు కావాలని ఎవరైనా ఫైలు పెడితే తొందరపడొద్దు. పార్లమెంటులోనే 2019లో ఒక ఎంపీ కారు తగిలి ముళ్లు లేచాయి. కరెంటు పోతే చేత్తో దించే పంపు ఉందా, వానాకాలం గుంతలో నీళ్లు తోడే మోటారు ఉందా, ఏటా సర్వీసు ఎవరు చేస్తారు, ఈ మూడూ కాగితం మీద లేకుండా సంతకం చేయొద్దు.