కాశీనగర్ అల్లుడికి, పార్టుల చీటీ రాయడం గురించి

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ చీటీ అందింది. ‘హీరో సైకిల్‌కి వెనక కోన్లు 2, అట్లాస్‌కి టైరు 1, లేడీస్ సైకిల్‌కి పెడళ్లు జత’ అని రాశావు. ఈ చీటీ పట్టుకుని ఇక్కడ ఏ కొట్టుకెళ్లినా మూడింట్లో ఒక్కటి కూడా ధైర్యంగా కొనలేను. హీరో అంటే పాలవాడు క్యాన్లు కట్టుకునే పెద్ద సైకిలూ హీరోయే, గేర్ల సైకిలూ హీరోయే, చంటిపిల్లల బండీ హీరోయే. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడింది. అయినా ఆ సైకిళ్లకి పార్టులు దొరుకుతూనే ఉన్నాయి. లూధియానా చుట్టుపక్కల కార్ఖానాలు ఒకే కొలతకి చేసి పంపే పార్టులే అందరి సైకిళ్లలోకీ పోతాయి మరి. సైకిల్ మీద స్టిక్కరు ఎవరిదైనా నాకు పనిలేదు. పార్టు కొలత రాయి.

ముందు నీ దగ్గర నాలుగు వస్తువులుండాలి: లావు కొలిచే వెర్నియర్, అడుగు స్టీలు స్కేలు, మరల ఎడం చూసే థ్రెడ్ గేజి, రెండు మీటర్ల సన్నటి జీఐ (జింకు పూత ఇనప) తీగ. డిజిటల్ వెర్నియర్ కొంటే కొను గాని, చెయ్యి గ్రీజుతో ఉన్నప్పుడు గీతల వెర్నియరే నయం.

టైరు దగ్గర మొదలుపెడతాను, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. 26 అంటే ఒక సైజు కాదు. 26 × 1 3/8 అని భిన్నంలో రాసిన టైరు వేరు, 26 × 1.95 అని చుక్క పెట్టి రాసిన టైరు వేరు. ఒకటి ఇంకోదాని రిమ్ముకి ఎక్కదు, ఎక్కినా నిలవదు. ఆ 26 అనేది గాలి కొట్టిన టైరు బయటి అడ్డకొలత, అదీ ఉరమరగా చెప్పింది. తడిగుడ్డతో టైరు పక్కగోడ తుడిచి చూడు, 37-590 లాగా మధ్యలో గీతతో రెండంకెలు కనిపిస్తాయి. మొదటిది టైరు వెడల్పు. రెండోది టైరు అంచు తీగ కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత. రెండూ మిల్లీమీటర్లే. వెడల్పు కొంచెం అటూఇటూ అయినా రిమ్ము సర్దుకుంటుంది. రెండో అంకె మాత్రం అచ్చంగా అదే ఉండాలి.

బస్తాలు మోసే పెద్ద సైకిల్ 28 × 1½, దానిది 635. పట్నం పిల్లలు తెచ్చే హైబ్రిడ్ సైకిల్ 700సి, దాన్ని కూడా కొందరు 28 అనే అంటారు, కాని దానిది 622. 29 అని రాసిన ఎంటీబీ, అంటే కొండదారుల సైకిల్, దానిదీ 622యే. భిన్నం 26 × 1 3/8 ది 590, చుక్క 26 ది 559, 27.5 ది 584. పిల్లల సైకిల్ 20 × 1.75 అయితే 406, సన్నటి 20 × 1 3/8 అయితే 451.

వీటిలో నిన్ను ముంచేది 590, 584 జత. తేడా 6 మిల్లీమీటర్లే. 590 టైరు 584 రిమ్ము మీదకి చేత్తోనే, టైరు లివరు కూడా అక్కర్లేకుండా ఎక్కిపోతుంది. ‘భలే సులువుగా ఎక్కిందే’ అనుకుంటావు. గాలి నిండేకొద్దీ ఒకవైపు అంచు రిమ్ము దాటి పైకి లేస్తుంది, సందులోంచి ట్యూబు బుడగలా బయటికొచ్చి పేలుతుంది. పేలింది నీ కొట్టు ముందైతే అదృష్టమే. కొత్త టైరు మరీ సులువుగా ఎక్కిందంటే గాలి కొట్టకముందే అంకె మళ్లీ చదువు.

టైరు మీద అచ్చు అరిగిపోయినా, రిమ్ము ఒక్కటే తెచ్చినా తీగ తియ్యి. టైరు అంచు కూర్చునే మెట్టు మీద చుట్టూ బిగువుగా ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట కత్తిరించి, తిన్నగా చాపి కొలువు. 1995 మిల్లీమీటర్ల దగ్గరికొస్తే 635, 1954 అయితే 622, 1853 అయితే 590, 1835 అయితే 584, 1756 అయితే 559, 1275 అయితే 406. రిమ్ము మధ్య గుంటలోకి తీగ జారితే లెక్క తప్పుతుంది, అందుకని రెండుసార్లు కొలువు. ఒడియా గిరాకీ ‘చకా పాడైంది’ అన్నప్పుడు కూడా ఆగి అడుగు. చకా అంటే కొందరికి టైరు, కొందరికి రిమ్ము, కొందరికి మొత్తం చక్రం.

ట్యూబు టైరంత పట్టింపు పెట్టదు, సాగుతుంది. వాల్వు మాత్రం రాయి: లోపల రబ్బరు గొట్టం వేసే మామూలు సైకిల్ వాల్వా, మోటారు బండి లాంటి లావు వాల్వా, పైన చిన్న స్క్రూ ఉండే సన్న వాల్వా అని. సన్న వాల్వు కోసం రిమ్ములో వేసిన రంధ్రం ఆరున్నర మిల్లీమీటర్లు, మోటారు వాల్వుకి ఎనిమిదిన్నర కావాలి. ఉన్న రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేద్దామనుకోకు, సన్న రిమ్ము అక్కడే చీలుతుంది.

ఇక నీ వెనక కోన్లు, అంటే బేరింగు బాల్సు దొర్లడానికి ఇరుసు మీద బిగించే వంపు బిళ్లలు. మన పెద్ద సైకిళ్ల వెనక ఇరుసు 3/8 అంగుళం, అంగుళానికి 26 మరలు. ఇనప సామాన్ల కొట్టులో దాన్నే మూడు సూతులంటారు, అంగుళానికి 8 సూతులు. గేర్ల సైకిల్ వెనక ఇరుసు 10 మిల్లీమీటర్లు, మరకీ మరకీ ఎడం 1 మిల్లీమీటరు. చిక్కేమిటంటే 26 మరల ఎడం 0.98 మిల్లీమీటరు. కంటికి రెండూ ఒకటే, గేజి పెట్టినా తొందరలో రెండూ సరిపోయినట్టే ఉంటాయి. ఇక్కడ మర లెక్కతో తేలదు, లావుతో తేల్చాలి. వెర్నియర్‌లో 9.4, 9.5 వస్తే 3/8, 9.8, 9.9 వస్తే 10 మిల్లీమీటర్లు. 10 నట్టు 3/8 ఇరుసు మీద వదులుగా తిరుగుతూ ఎక్కేస్తుంది, చివర్లో గట్టిగా బిగించగానే మర గీరుకుపోయి ఊడి చేతిలోకొస్తుంది. ముందు ఇరుసులో ఇంకో రకం మోసం: 5/16 ఇరుసుకి 8 మిల్లీమీటర్ల నట్టు మూడు నాలుగు చుట్లు బాగానే వెళ్లి తర్వాత పట్టేస్తుంది. పానా పెట్టి తిప్పావంటే ఇరుసు పోయినట్టే. నట్టు గాని, కోను గాని మొదటి నుంచి చివరిదాకా వేళ్లతోనే తిరగాలి.

లావూ మరా కలిసినంత మాత్రాన కోను కలిసినట్టు కాదు. బాల్సు తిరిగే వంపు, కోను మొత్తం పొడవు, దుమ్ము మూత లోపల పట్టే వెడల్పు, ఈ మూడూ కలవాలి. వంపు లోతు తక్కువైతే బాల్సు అంచు మీద నడిచి నెల్లాళ్లలో గుంటలు పెడతాయి. అందుకని కోను మటుకు పాతది ఇరుసుతో సహా పంపించు, కొలత ఒక్కటే చాలదు.

బాల్సు కూడా చేతి అంచనాతో వెయ్యకు. మామూలుగా వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, 1/4 అంగుళం, పక్కకి 9. ముందు హబ్బులో 3/16, పక్కకి 10. బీబీలో, అంటే పెడళ్ల నడుమ ఇరుసు తిరిగే చోట, 1/4, పక్కకి 11 ఉంటాయి. వెర్నియర్‌లో 1/4 అంటే 6.35, 3/16 అంటే 4.76, 5/32 అంటే 3.97. అరిగిన బాలు తక్కువ చూపిస్తుంది కాబట్టి ఐదారు కొలిచి అన్నిటికన్నా పెద్దదాన్ని నమ్ము. పాత బాల్సు ఏడు బాగున్నాయి కదా అని రెండు కొత్తవి కలపకు. కొత్తవి రవ్వంత పెద్దవి, బరువంతా ఆ రెండే మోసి కప్పుని తినేస్తాయి. చుట్టూ పరిచాక ఒక బాలుకి కొంచెం తక్కువ సందు మిగలాలి. సందు ఉందిగా అని ఇంకోటి కుక్కితే అన్నీ పట్టేస్తాయి.

చైను రెండు వెడల్పులు. గేరు లేని సైకిళ్లలో ఎక్కువగా 1/8, గేర్లున్నవాటికి 3/32. పళ్ల మందం చూసి చెప్పొచ్చు: 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే 1/8 చైనే కావాలి, 3/32 చైను ఆ పళ్ల మీద కూర్చోదు. సన్న పళ్ల మీద 1/8 చైను మాత్రం వెయ్యొచ్చు, కాస్త చప్పుడు చేస్తుందంతే. గేర్ల చైనుకి పిన్ను బయటి పొడవు కూడా రాయి: 7.1 మిల్లీమీటర్ల దగ్గరుంటే వెనక 6, 7, 8 పళ్లచక్రాల వాటికి; 6.6 అయితే 9 వాటికి.

అరుగుదల చూడ్డానికి స్కేలు చాలు. ఒక పిన్ను నడుమ సున్నా పెట్టి 24 లింకులు దాటి లెక్కపెడితే కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ చూపిస్తే చైను మార్చు. ఎనిమిదో వంతు దాటితే చైనుతోపాటు వెనక పళ్లూ మార్చాలి. చైను ఒక్కటే మార్చి పంపితే ఏటవాలు ఎక్కేటప్పుడు పళ్ల మీంచి ఎగిరిపడుతుంది, గిరాకీ నీ కొత్త చైనునే తిడతాడు.

గేర్ల సైకిల్ వెనక పళ్ల గుత్తి ఫ్రీవీలా, క్యాసెట్టా అని తప్పకుండా చూడు. చక్రం విప్పి, మధ్యలో టూలు పట్టే గాళ్ల మీద కన్నేసి పళ్లని వెనక్కి తిప్పు. గాళ్లు కూడా పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్టు, అవి కదలకుండా పళ్లే తిరిగితే మర మీద బిగించిన ఫ్రీవీలు. రెండింటి హబ్బులూ వేరు, ఒకదాని బదులు ఒకటి వెయ్యలేవు. ఒంటి పళ్ల ఫ్రీవీలుకి పళ్లు లెక్కపెట్టి రాయి, పెద్ద సైకిల్‌కి 18 మామూలు.

పెడల్ చేతిని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నుల్లో 9.5, 9 మిల్లీమీటర్లని రెండు రకాలున్నాయి. 9.5 రంధ్రంలో 9 పిన్ను కొడితే మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, వారం తిరక్కుండా పెడల్ కిర్రుమని ఊగుతుంది. అందుకే పాత పిన్ను గుండ్రటి భాగం కొలువు, చదును చేసిన వైపు కొలవకు. నలుపలకల ఇరుసున్న డబ్బా బీబీ అయితే దాని మీదే 68-122.5 లాగా అచ్చు ఉంటుంది, మొదటిది ఫ్రేము గొట్టం వెడల్పు, రెండోది ఇరుసు పొడవు. ఆ రెండూ రాస్తే చాలు. విప్పేటప్పుడు మాత్రం చైను వైపు కప్పుది ఎడమ మర అని గుర్తుంచుకో.

బ్రేకుల్లో నాకు భయం వేసేది వైరు తొడుగు. బ్రేకు తొడుగులో స్టీలు పట్టీ స్ప్రింగులా గుండ్రంగా చుట్టి ఉంటుంది, లావు 5 మిల్లీమీటర్లు. గేరు తొడుగులో తీగలు పొడుగునా పరిచి ఉంటాయి, లావు మామూలుగా 4. గేరు తొడుగు ముక్క మిగిలిందని బ్రేకుకి వేశావంటే గట్టిగా పట్టినప్పుడు తొడుగు పక్కకి చీలుతుంది, ఆ క్షణంలో బ్రేకు ఉండదు. వైర్లూ అంతే: బ్రేకుది ఒకటిన్నర మిల్లీమీటరు, గేరుది 1.2. వీ-బ్రేకు లివరుని మామూలు క్యాలిపర్ బ్రేకుకి వాడకు, అది లాగే వైరు పొడవు దాదాపు రెండింతలు, పట్టు మాత్రం అంతంతే. రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము అడుగు భాగాన్ని పడుతుంది. కాబట్టి ఆ సైకిల్‌కి పక్కలు చదునుగా ఉన్న రిమ్ము వేస్తే రబ్బర్లకి చోటుండదు. డిస్కు బ్రేకు ప్యాడ్లకి రాతలూ కొలతలూ వద్దు, పాత జత కాగితంలో చుట్టి పంపు, వాటి ఆకారాలు లెక్కలేనన్ని.

గేరు మార్చేటప్పుడు చైనుని పక్క పళ్ల మీదకి జరిపే డీరైలర్ వెనక్కి తిప్పి లోపలి వైపు తుడిస్తే ఆర్‌డీ-టీవై300 లాంటి నెంబరు కనిపిస్తుంది, అదే రాయి. అది వేలాడే అల్యూమినియం కొక్కెం విరిగితే, విరిగిన ముక్కలు తెల్లకాగితం మీద కలిపి పెట్టి చుట్టూ, రంధ్రాల చుట్టూ పెన్సిలు గీసి పంపు. ఫోటో తీస్తే పక్కనే స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి తియ్యి, వాలుగా తీసిన ఫోటో మీద కొలత నమ్మలేం.

నీ చీటీ ఈసారి ఇలా ఉండాలి: ‘28 × 1½, రాడ్ బ్రేకు, వెనక ఇరుసు 9.5, కుడి కోను 1, పాతది ఇరుసుతో పంపాను. ఇంకో సైకిల్‌కి టైరు 37-590 ఒకటి, మామూలు వాల్వు ట్యూబుతో.’ పర్లాకిమిడి వెళ్లే మనిషి చేతికిచ్చినా అక్కడివాళ్లు నిన్ను ఫోనులో అడగక్కర్లేకుండా ఇచ్చేస్తారు. పాత పార్టుకి దారంతో చిన్న అట్టముక్క కట్టి ఎవరి సైకిలో రాసుకో. ఒకే రోజు నాలుగు కోన్లు పంపితే తిరిగొచ్చాక ఏది ఎవరిదో తెలియదు.

ఇట్లు
మావయ్య

తా.క. పెడళ్ల సంగతి మరిచాను. లేడీస్ సైకిలా, జెంట్స్ సైకిలా అన్నదానితో పెడల్‌కి పనిలేదు, క్రాంకు, అంటే పెడల్ బిగించే చేయి చూడు. రెండు చేతులూ ఒకే ఇనప కడ్డీగా వంగి ఉంటే మర 1/2 అంగుళం, వెర్నియర్‌లో 12.7 లోపు వస్తుంది. చేతులు విడివిడిగా ఉంటే 9/16, అంటే 14.3 లోపు. రెండూ అంగుళానికి 20 మరలే, లావే తేడా. ఎడమ పెడల్ ఎడమ మర. ఇరుసు చివర ఎల్, ఆర్ అని కొట్టి ఉంటుంది, అరిగిపోయి కనిపించకపోతే పెడల్‌ని నిలువుగా పట్టుకుని చూడు: మర ఏ వైపుకి పైకి లేస్తుంటే అది ఆ వైపుది. ఒక్క పెడలే కావాలంటే ఏదో రాయి, జత కొనక్కర్లేదు.