నిమిషానికి 60 కౌంట్లు: అంతా రేడియేషనేనా?

ప్రశ్న: బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్‌తో (వెలుతురు పడితే కరెంటిచ్చే సిలికాన్ ముక్క) చిన్న రేడియేషన్ డిటెక్టర్ కట్టాను. రేకు డబ్బాలో పెట్టి, మూతకు చేసిన కన్నం మీద అల్యూమినియం ఫాయిల్ అతికించాను. మధ్యాహ్నం మిద్దె మీద నిమిషానికి 60 దాకా కౌంట్లు వస్తున్నాయి, రాత్రయితే బాగా పడిపోతున్నాయి. ఎండకు కాస్మిక్ కిరణాలు పెరుగుతాయా? వ్యోమగాముల కోసం వాడేవీ ఇలాంటివేనా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎండకు పెరగవు. ముందు ఒక లెక్క వేసి చూడండి. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ (కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టి నేల దాకా వచ్చే కణం) పడుతుంది. మీ డయోడ్ వైశాల్యం 7.5 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కటీ వదలకుండా పట్టినా గంటకు నాలుగైదే! గోడల నుంచి వచ్చే గామా కిరణాలేమో అంత పల్చటి సిలికాన్‌లోంచి చాలావరకు దూరిపోతాయి. కాబట్టి మీకు వచ్చేది నాయిస్, అంటే రేడియేషన్ వల్ల కాని దొంగ సంకేతాలు.

మొదటి అనుమానం వేడి మీదే. సిలికాన్‌లో డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా డయోడ్‌లో పారే కొద్దిపాటి కరెంట్) 8–10 డిగ్రీలకోసారి దాదాపు రెట్టింపవుతుంది. రాత్రి 28 డిగ్రీల్లో ఉన్న డబ్బా మన ఎండకు 55కి చేరితే ఆ కరెంట్ ఆరు నుంచి పదింతలవుతుంది, దాంతో నాయిస్ కూడా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు, పల్స్ (డయోడ్ నుంచి క్షణకాలం వచ్చే సంకేతం) ఎంత ఎత్తు దాటితే కౌంట్‌గా లెక్కించాలో చెప్పే హద్దుగా పెట్టిన థ్రెషోల్డ్‌ను ఆ నాయిస్ సులువుగా దాటేస్తుంది. థ్రెషోల్డ్‌ను మిట్టమధ్యాహ్నం, డబ్బా బాగా కాగాక సరిచేయండి. ఫాయిల్‌లో సూదిబెజ్జం ఉన్నా ఇదే గోల, అందుకని నల్లటేపు రెండు పొరలు వేయండి. ఫాయిల్ వదులుగా ఉంటే గాలికి అదిరి, డయోడ్‌తో కలిసి కెపాసిటర్‌లా పనిచేసి దొంగ పల్స్‌లు పుట్టిస్తుంది. బిగుతుగా అతికించి ఎర్త్ చేయండి.

తప్పు ఎక్కడో తేలాలంటే డయోడ్ ఊడదీసి, దాని చోట 22 పీకోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అప్పుడూ కౌంట్లు వస్తుంటే లోపం ఆంప్లిఫయర్‌దో పవర్ సప్లైదో. అడాప్టర్ తీసేసి బ్యాటరీతో నడిపి చూడండి.

ఇక వ్యోమగాముల సంగతి. మూలసూత్రం ఇదే, కానీ అక్కడ కౌంట్ ఒక్కటే చాలదు, పల్స్ ఎత్తు కూడా కొలవాలి. 0.3 మిల్లీమీటర్ల సిలికాన్‌లో మ్యూయాన్ సుమారు 24,000 ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. అదే వేగంతో వచ్చే ఇనుము కేంద్రకం ఆవేశం మ్యూయాన్‌కు 26 రెట్లు, విడిపించేవి ఆవేశం వర్గాన్ని బట్టి పెరుగుతాయి కనుక, దానికి 676 రెట్లు విడిపిస్తుంది. శరీరానికి చేసే హాని ఎంతో ఎక్కువ, మీ డబ్బాలో మాత్రం రెండూ ఒక్కో కౌంటే. 2008లో మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1లో వెళ్లిన బల్గేరియా పరికరం రాడమ్‌లోనూ 0.3 మిల్లీమీటర్ల సిలికానే ఉంది. అది పల్స్‌లను ఎత్తును బట్టి 256 ఛానెళ్లలోకి విడదీసేది.

ఆ మందం డయోడ్‌తో మీరూ ప్రయత్నిస్తే, ఆంప్లిఫయర్ ఔట్‌పుట్‌ను ఇన్‌పుట్‌కు కలిపే 1 పీకోఫారడ్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌తో మ్యూయాన్‌కు 4 మిల్లీవోల్టులు వస్తాయి, ఇనుముకు 2.6 వోల్టులు. 3.3 వోల్టుల సర్క్యూట్‌లో బేస్‌లైన్ (పల్స్ లేనప్పటి వోల్టేజి) మధ్యలో ఉంటే ఇనుము పల్స్ పైన తెగిపోతుంది. దానికి రెండో డయోడ్ పెట్టి, 10 పీకోఫారడ్‌తో వేరే ఛానెల్ కట్టుకోండి.