దిష్టిబొమ్మకు ఆ పేరెందుకు?

సందేహం: మా ఆదోని వైపు బుడ్డల (వేరుశనగ) చేలో నిలబెట్టేదీ, కొత్తగా కడుతున్న ఇంటికి వేలాడదీసేదీ, ధర్నాల్లో తగలబెట్టేదీ దిష్టిబొమ్మే. నాయకుడి బొమ్మకు దిష్టితో పనేమిటి? ‘ప్రతికృతి’ అనడం మేలు కాదా? సంస్కృతంలో దిష్టి అంటే అదృష్టమని ఒక మిత్రుడు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన మాట సంస్కృతంలో ఉంది. ‘దిష్ట్యా’ అంటే అదృష్టవశాత్తు అని. అమరకోశం ‘దిష్టం’ అనే మాటను దైవం, భాగ్యం సరసన చేర్చింది. కానీ మన దిష్టికి దానితో చుట్టరికం లేదు. ఇది ‘దృష్టి’కి వికృతి. శృంగారం సింగారమైనట్టే దృష్టి దిష్టి అయింది. అర్థం కూడా చూపు నుంచి చెడుచూపుకు కుదించుకుపోయింది. ‘కన్ను పడింది’ అంటే చాలు కదా, చెడ్డ కన్నని విడిగా చెప్పం. బొమ్మ మాత్రం అచ్చంగా మనదే. మీ పొరుగున వినిపించే కన్నడ ‘గొంబె’, తమిళ ‘బొమ్మై’ దాని తోబుట్టువులు.

ఇక అసలు ప్రశ్న. చేలోని బొమ్మ పిట్టలనూ బెదిరిస్తుంది. అయినా తెలుగువారు పిట్టలను బట్టి కాక మనుషుల చూపును బట్టి దానికి పేరు పెట్టారు. ఏపుగా ఎదిగిన పైరుకు తగలవలసిన చూపు ముందు ఆ బొమ్మకు తగలాలి. ఇంటికి కట్టే రాక్షసముఖం, గుమ్మంలోని బూడిద గుమ్మడికాయ చేసే పనీ అదే. ఒకరి కీడును మరొకటి భరించడమే ఈ పేరుకు ప్రాణం. నాయకుడికి బదులు మంటల్లో పడే బొమ్మకు ఆ పేరు అలాగే సంక్రమించిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. గడ్డి, కర్రలు, పాత చొక్కా కలిసిన రూపమూ అందుకు తోడైంది.

ప్రతికృతి మంచి మాటే, కానీ ఇక్కడ పొసగదు. అమరకోశంలో అది ప్రతిమ, ప్రతిబింబం, అర్చ అనే మాటలతో ఒకే వరుసలో ఉంది. అర్చ అంటే పూజలందుకునే విగ్రహం. ‘ప్రతికృతి దహనం’ అంటే పోలిక తెలుస్తుందే తప్ప నిరసన తెలియదు. ఆలయ నమూనాకు ప్రతికృతి అనండి, నిండుగా ఉంటుంది. కూడలిలో కాల్చేదాన్ని దిష్టిబొమ్మగానే ఉంచండి. దాన్ని ‘దృష్టిబొమ్మ’ అని దిద్దడమూ వద్దు. అలా దిద్దితే చూపు మిగులుతుంది, అందులోని కీడు జారిపోతుంది.